మైగ్రేన్ వైద్యానికి సాయం కావాలంటే ఏ గడప ఎక్కాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ తెలిసినవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: "నెలలో సగం రోజులు తలనొప్పే. మందులకూ స్కానింగులకూ ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. ప్రభుత్వం నుంచి గానీ దేవస్థానం నుంచి గానీ ఏమైనా వస్తుందా?" మా చెల్లెలు ఎనిమిదేళ్లుగా ఈ పార్శ్వపు నొప్పితో బాధపడుతోంది. ఆమె ఫైలు చంకన పెట్టుకుని తిరిగినప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలుసుకోండి. సాయం చేసే పథకాలు చాలావరకు ప్రాణాపాయం ఉన్నవారికి, ఆపరేషన్ కావలసినవారికి, ఆసుపత్రిలో చేరినవారికి ఉద్దేశించినవి. మైగ్రేన్‌కు ఆపరేషన్ ఉండదు, వైద్యమంతా ఎక్కువగా ఓపీలోనే నడుస్తుంది. అందుకే ప్రతి బల్ల దగ్గరా "తలనొప్పికి కూడా సాయమా?" అన్న చూపు ఎదురవుతుంది. మొత్తం ఖర్చును మూటగట్టి ఒకే చోట అడిగితే చాలాసార్లు వట్టి చేతులతోనే తిరిగి రావలసి వస్తుంది. ఖర్చును విడదీయండి. మందులు, పరీక్షలు, ఇంజెక్షన్లు, ఆసుపత్రి బిల్లు, పోయిన కూలి, వీటిలో ఏది ఎక్కడ చెల్లుతుందో అక్కడే అడగండి.

జాగ్రత్త: ఎప్పుడూ లేనంత తీవ్రమైన నొప్పి ఒక్కసారిగా వచ్చినా, కాలు చేయి పడిపోయినా, మాట తడబడినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, చూపు పోయినా అది మామూలు మైగ్రేన్ అనుకోవద్దు. కాగితాల సంగతి పక్కన పెట్టి 108కి ఫోను చేయండి.

దగ్గర ఉంచుకోవలసినవి

ఆధార్, బియ్యం కార్డు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు, ఓపీ చీటీలు, స్కాన్ రిపోర్టులు, మందుల బిల్లులు, చేరి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ. వీటన్నిటి అసళ్లు ఒక ఫైల్లో, రెండేసి నకళ్లు మరో ఫైల్లో పెట్టండి. అసలు బిల్లు ఎక్కడ ఇచ్చినా ముందుగా ఫోనులో ఫోటో తీసుకోండి. ఆదాయ పత్రానికి మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయవచ్చు.

ఇక్కడివారికి ప్రత్యేకంగా ఒక మాట. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. కొందరి పాత కాగితాల్లో ఇప్పటికీ చిత్తూరు జిల్లా అనో నెల్లూరు జిల్లా అనో ఉంటుంది. జిల్లా పేరు పాతదైనంత మాత్రాన మునిగిపోయేది ఏమీ లేదు. ఆధార్‌లో ఒక ఊరు, బియ్యం కార్డులో మరో ఊరు ఉంటే మాత్రం దరఖాస్తు ఆగిపోతుంది. అది ముందే సరిచేయించుకోండి.

1. జబ్బు పేరు కాగితం మీద రాయించుకోండి

చాలామంది ఓపీ చీటీల మీద "తలనొప్పి" అని మాత్రమే ఉంటుంది. ఆ ఒక్క మాటతో ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. నాడీ వైద్యుడి దగ్గర "దీర్ఘకాలిక మైగ్రేన్" అన్న నిర్ధారణ రాయించుకోవాలి. వైద్యులు పాటించే కొలత ఇది: మూడు నెలలకు పైగా, నెలకు 15 లేదా అంతకంటే ఎక్కువ రోజులు తలనొప్పి ఉండాలి, వాటిలో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు కనిపించాలి. మైగ్రేన్‌కు అంతర్జాతీయ జబ్బుల పట్టికలో కోడ్ జి43. అది కూడా రాయమని అడగండి. బీమా కంపెనీలు మొదట చూసేది దాన్నే.

ఎక్కడికి వెళ్లాలి? తిరుపతిలో అలిపిరి దారిలో ఉన్న స్విమ్స్‌లో (దేవస్థానం నెలకొల్పిన పెద్దాసుపత్రి) నాడీ వైద్య విభాగం ఉంది. పక్కనే రుయా ప్రభుత్వ ఆసుపత్రి. చిత్తూరు వైపు వారు వేలూరుకు పోవడం మామూలే, కానీ అది తమిళనాడు. మన రాష్ట్ర వైద్య పథకం (ఆరోగ్యశ్రీ) అక్కడ మీ చికిత్సకు చెల్లుతుందో లేదో ప్రభుత్వ ఆరోగ్య సమాచార నంబరు 104కి ఫోను చేసి కనుక్కున్నాకే బస్సెక్కండి. ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే ఈ-సంజీవని ద్వారా ఉచితంగా వైద్యుడితో మాట్లాడవచ్చు. అయితే మొదటి నిర్ధారణకు స్వయంగా వెళ్లడమే మేలు.

2. తలనొప్పి లెక్క రాయండి

ఈ మెట్టు దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. నన్నడిగితే ఫైలు మొత్తంలో దీనంత బలమైన కాగితం మరొకటి లేదు. స్కాన్‌లో మైగ్రేన్ కనిపించదు. రక్తపరీక్షలోనూ కనిపించదు. రిపోర్టులన్నీ "సాధారణం" అని వస్తాయి, అది చూసి బల్ల అవతలివారు మీకు జబ్బే లేదనుకుంటారు. మీ బాధకు సాక్ష్యం మీరు రాసుకున్న లెక్కే.

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని రోజుకు ఒక వరుస చొప్పున రాయండి: తేదీ, నొప్పి ఎన్ని గంటలు, సున్నా నుంచి పది వరకు ఎంత తీవ్రత, వాంతి అయిందా, వెలుతురు భరించలేకపోయారా, ఏ మాత్ర ఎన్ని వేసుకున్నారు, పనికి వెళ్లారా లేదా. ఆడవాళ్లు నెలసరి తేదీలు కూడా గుర్తించాలి. మూడు నెలల లెక్క చేతిలో ఉంటే వైద్యుడికి చికిత్స తేలిక, మీకు దరఖాస్తు తేలిక.

నొప్పి లేని రోజున కూడా "లేదు" అని రాయండి. నొప్పి వచ్చిన రోజులే రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. అప్పటికప్పుడు ఒకే పెన్నుతో మూడు నెలలదీ కూర్చుని నింపినా ఇట్టే తెలిసిపోతుంది. ప్రతిసారీ ఓపీకి వెళ్లినప్పుడు వైద్యుడికి చూపించి, ఆ పేజీ మీద తేదీ వేసి సంతకం చేయమని అడగండి. చాలామంది కాదనరు.

3. అడిగే ముందు బిల్లును తగ్గించండి

మా ఇంట్లో అయిన ఖర్చులో పెద్ద భాగం అసలు అవసరం లేనిది. మందుల దుకాణంలో అడిగి కొన్న నొప్పి మాత్రలు, ఊరు మారినప్పుడల్లా మళ్లీ తీయించిన స్కాన్లు. పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ప్రత్యేక మాత్రలు) గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతాయి. ఆ సంగతి వైద్యుడికి దాచకండి. మీ నోటుపుస్తకం చూస్తే ఆయనకే తెలుస్తుంది.

నొప్పి రాకుండా రోజూ వేసుకునే నివారణ మందుల్లో ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లూనారిజిన్ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. వీటి ధరకు ప్రభుత్వ పరిమితి ఉంటుంది. వైద్యుడిని కంపెనీ పేరుతో కాకుండా మందు పేరుతో రాయమనండి. ఆ చీటీతో ముందుగా ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటరులో అడగండి, లేకపోతే జనౌషధి కేంద్రానికి వెళ్లండి. అక్కడి ధరలు బజారు కంపెనీ మందులతో పోలిస్తే 50 నుంచి 80 శాతం తక్కువని ప్రభుత్వం చెబుతుంది. మీకు దగ్గరి కేంద్రాన్ని, మందు ధరను జనౌషధి సుగమ్ యాప్‌లో చూసుకోవచ్చు.

సరిచూసుకోవలసినది: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది చీటీలోనూ అట్ట మీదా ఒకటేనా? ఒకటైతేనే తీసుకోండి. ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రనొలాల్ ప్రమాదం, గర్భం వచ్చే అవకాశం ఉన్నవారికి మరో నివారణ మందు వాల్‌ప్రొయేట్ ప్రమాదం. పక్కింటివారికి పనిచేసిందని ఆ మందు మీరు కొనవద్దు. ఖర్చు భరించలేక నివారణ మందును ఒక్కసారిగా ఆపేయవద్దు కూడా. కొనలేని పరిస్థితి వస్తే వైద్యుడికి ఆ మాటే చెప్పండి, చవకైన మందుకు మారుస్తారు.

4. మీకు ఇప్పటికే ఉన్న హక్కును వెతకండి

రేణిగుంటలోనో శ్రీసిటీలోనో పనిచేస్తూ నెల జీతం 21,000 రూపాయలకు మించనివారికి సాధారణంగా ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) ఉంటుంది. జీతం చీటీలో 0.75 శాతం కోత కనిపిస్తే మీరు అందులో ఉన్నట్టే. మైగ్రేన్ వంటి ఓపీ జబ్బుకు ఇంతకంటే మంచి ఆసరా లేదు, ఎందుకంటే ఇది చేరికకే పరిమితం కాదు. వైద్యుడి సలహా, మందులు, పరీక్షలు మీకూ మీమీద ఆధారపడిన కుటుంబానికీ వర్తిస్తాయి. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఇంకొకటి చాలామందికి తెలియదు: నొప్పితో పనికి వెళ్లలేని రోజులకు ఈఎస్ఐ వైద్యుడు ధ్రువీకరిస్తే, అర్హతకు సరిపడా చందా రోజులు ఉన్నవారికి ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పోయిన కూలికి నేరుగా డబ్బు వచ్చే దారి ఇదొక్కటే.

తప్పు జరిగేది ఇక్కడ: బయట ప్రైవేటు వైద్యుడి దగ్గర చూపించుకుని, ఆ బిల్లులు తర్వాత ఈఎస్ఐకి తీసుకెళ్తారు. ముందుగా ఈఎస్ఐ వైద్యుడు బయటికి రాసి పంపాలి. స్టాకు లేని మందు బయట కొనాలన్నా ముందే రాయించుకోవాలి.

భర్తకో భార్యకో ఉద్యోగం ద్వారా సామూహిక బీమా ఉందేమో కూడా అడగండి. ఇంట్లో ఎవరో ఒకరి కార్డు బీరువాలో పడి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

5. ఆసుపత్రిలో చేరవలసి వస్తే

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, మనమంతా ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుస్తున్న పథకం, ప్రధానంగా జాబితాలో ఉన్న చికిత్సలకు, చేరికలకు పనికొస్తుంది. నెలనెలా ఓపీ మందుల కోసం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కానీ 72 గంటలు దాటినా తగ్గని నొప్పి, ఆగని వాంతులు ఉన్నప్పుడు చేర్చుకుంటారు. అప్పుడు చేయవలసింది ఇది: డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లి, వైద్యుడు రాసిన నిర్ధారణ చూపించి, ఆ చికిత్స జాబితాలో ఉందా అని అడగాలి. ఉంటే అనుమతి పెట్టిస్తారు. లేదంటే "లేదు" అన్న మాట 104కి ఫోను చేసి ఒకసారి సరిచూసుకోండి. ముందు డబ్బు కట్టేసి తర్వాత పథకం కింద వెనక్కి అడిగితే చాలా కష్టం.

ఇంట్లో 70 ఏళ్లు దాటిన పెద్దలకు ఈ జబ్బు ఉంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోవచ్చు. అదీ చేరికకే.

దేవస్థానం గురించి అడిగేవారికి: శ్రీవేంకటేశ్వర ప్రాణదాన పథకం గుండె, మూత్రపిండాలు, మెదడు, క్యాన్సర్ వంటి ప్రాణాంతక జబ్బులున్న పేదల కోసం. మైగ్రేన్‌కు అది దొరుకుతుందని మీకు ఆశ చూపలేను. స్విమ్స్‌లో వైద్యం చేయించుకుంటున్నప్పుడు రాయితీ ఏదైనా వర్తిస్తుందా అని అక్కడి సహాయ కేంద్రంలోనే అడగండి.

6. ముఖ్యమంత్రి సహాయ నిధి

దీనికి మీ నియోజకవర్గ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా వెళ్లాలి. రెండు దారులున్నాయి. చికిత్సకు ముందే ఆసుపత్రి అంచనా పత్రంతో అడిగేది ఎల్‌ఓసీ. చికిత్స అయ్యాక అసలు బిల్లులతో అడిగేది రీయింబర్స్‌మెంట్. మైగ్రేన్ వారికి ఎక్కువగా ఉపయోగపడేది రెండోది, అదీ ఆసుపత్రిలో చేరి సొంత డబ్బు కట్టినప్పుడు. పథకం కింద ఉచితంగా జరిగిన చికిత్సను, బీమా చెల్లించిన మొత్తాన్ని ఇందులో కలపకూడదు.

డిశ్చార్జ్ సమ్మరీ, తేదీలవారీ బిల్లు, ఆసుపత్రి ముద్ర, వైద్యుడి సంతకం ఉన్న ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ (ఆ చికిత్స అవసరమేనన్న ధ్రువపత్రం) జతచేయండి. డిశ్చార్జ్ అయ్యే రోజునే వీటిని అడిగి తీసుకోండి. నెల తర్వాత వెళ్తే ఒక్కో సంతకానికి ఒక్కో పూట పోతుంది.

దరఖాస్తు ఉత్తరం పొట్టిగా, అంకెలతో ఉండాలి. "నేను చాలా బాధపడుతున్నాను, దయచేసి ఆదుకోండి" అన్న ఉత్తరాలు కట్టలకొద్దీ వస్తాయి. ఇలా రాయండి, అంకెలు ఉదాహరణకు మాత్రమే:

"నాకు 34 ఏళ్లు. 2021 నుంచి దీర్ఘకాలిక మైగ్రేన్ ఉంది. గత మూడు నెలల్లో 58 రోజులు తలనొప్పి వచ్చింది, వాటిలో 31 రోజులు పనికి వెళ్లలేకపోయాను. జూన్ 3 నుంచి 7 వరకు ఆసుపత్రిలో చేరాను. బిల్లు 46,300 రూపాయలు. ఆసుపత్రి 6,300 తగ్గించింది, 40,000 అప్పు చేసి కట్టాను. మా ఇంటి నెల ఆదాయం 14,000. ఈ 40,000కు సాయం కోరుతున్నాను. తలనొప్పి లెక్క, బిల్లులు జతచేశాను."

చూశారా, నోటుపుస్తకం ఎక్కడ అక్కరకు వచ్చిందో.

గట్టి హెచ్చరిక: "బిల్లు నేను పెద్దది చేయిస్తాను, సగం నాకు" అనే దళారులు తగులుతారు. నకిలీ బిల్లులతో సహాయ నిధి డబ్బు తీసుకున్న కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నమోదయ్యాయి. జబ్బుతో ఉన్న మనిషి పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసిన గతి రాకూడదు. దరఖాస్తుకు ఎవరికీ రూపాయి ఇవ్వనక్కరలేదు.

దరఖాస్తు ఇచ్చాక రసీదు నంబరు తీసుకోండి. మంజూరై చెక్కు చేతికొస్తే అందులో పేరు మీ బ్యాంకు ఖాతాలోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోతోందా చూడండి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపే బ్యాంకులో వేయాలి. ఆ తర్వాత అది చిత్తు కాగితం.

7. బీమా ఉన్నవారు, ముఖ్యంగా ఇంజెక్షన్లు వేయించుకునేవారు

మాత్రలు పనిచేయనప్పుడు వైద్యులు బొటులినం టాక్సిన్ ఇంజెక్షన్లు సూచిస్తారు. తల, మెడ, భుజాల మీద 31 చోట్ల, మొత్తం 155 యూనిట్లు, 12 వారాలకొకసారి. ఇది ఖరీదైన చికిత్స. మా చెల్లెలికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వేయించినప్పుడు బిల్లు మీద "బొటాక్స్" అని ఒక్క మాటే పడింది. బీమా కంపెనీ దాన్ని అందం కోసం చేయించుకున్న చికిత్సగా లెక్కగట్టి తిరస్కరించింది. నెలల తరబడి నొప్పితో మంచం పట్టిన పిల్లకు ఆ ఉత్తరం చదివి వినిపించడం నావల్ల కాలేదు. తర్వాత వైద్యుడి చేత "దీర్ఘకాలిక మైగ్రేన్, జి43, నివారణ చికిత్స, ఇంతకుముందు ఈ మూడు మందులు ఫలించలేదు" అని రాయించి మళ్లీ పంపితే, ఆ పాలసీలో ఓపీ ఖర్చులకు కూడా వీలుండటం వల్ల డబ్బు వచ్చింది.

అందుకని ఇంజెక్షన్‌కు ముందే మూడు పనులు చేయండి. పాలసీలో ఓపీ ఖర్చులు ఉన్నాయా చూడండి, మామూలు పాలసీల్లో ఉండవు. కంపెనీకి ఈమెయిల్ రాసి ముందస్తు అనుమతి అడగండి, ఫోనులో చెప్పిన మాట సాక్ష్యానికి నిలవదు. బిల్లులో జబ్బు పేరు ఉండేలా చూసుకోండి. ఎరెనుమాబ్ వంటి కొత్త ఇంజెక్షన్లు మోనోక్లోనల్ యాంటీబాడీలు, అంటే ప్రయోగశాలలో తయారుచేసిన ప్రతిరక్షకాలు. ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీ చికిత్సను బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చింది. మీ పాలసీలో దానికి ఎంత పరిమితి పెట్టారో అడగండి.

కొత్తగా పాలసీ తీసుకునేవారు మైగ్రేన్ ఉందని దాచవద్దు. ముందే ఉన్న జబ్బుకు ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలే వేచి ఉండాలి. దాచి దొరికితే మొత్తం పాలసీకే ముప్పు.

తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా తగాదాలు తీర్చే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

8. చేబదుళ్లు, అప్పులు, విరాళాలు

రోజువారీ వసూళ్ల వడ్డీకి పోకముందు డ్వాక్రా సంఘంలో అడగండి. స్త్రీనిధి రుణం వడ్డీ దానితో పోలిస్తే చాలా తక్కువ. ఆన్‌లైన్‌లో విరాళాలు అడగదలచుకుంటే ఒక్క చికిత్స విడతకు అయ్యే ఖర్చే అడగండి. ఎన్ని రోజులు నొప్పి, ఏ మందులు ఫలించలేదు, ఈ డబ్బుతో ఏ చికిత్స ఎప్పుడు జరుగుతుంది అన్నవి చెప్పండి. వేదిక తన రుసుము కింద ఎంత మినహాయించుకుంటుందో ముందే చదవండి. ఆధార్, పాసుపుస్తకం ఫోటోలు బహిరంగంగా పెట్టవద్దు. "మీకు విరాళం పంపుతాం, ఓటీపీ చెప్పండి" అన్న ఫోను వస్తే అది దొంగ ఫోనే.

పింఛను గురించి

"మైగ్రేన్‌కు దివ్యాంగ పింఛను ఇప్పిస్తాం" అని వేలు వసూలు చేసేవాళ్లు ఉన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మైగ్రేన్ పేరు లేదు. పింఛనుకు కనీసం 40 శాతం వైకల్య ధ్రువీకరణ కావాలి. ఆ డబ్బు మందులకు ఉంచుకోండి.

ఎక్కడా కదలకపోతే

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ, పాత దరఖాస్తు రసీదు నకలు పట్టుకుని వెళ్లండి. వెళ్లలేనివారు 1100కి ఫోను చేయవచ్చు. అర్జీలో ఒకే విషయం ఉండాలి. "నా దరఖాస్తు ఫలానా తేదీన ఇచ్చాను, ఏ దశలో ఉందో తెలపండి" అంటే చాలు. అన్ని కష్టాలూ ఒకే కాగితంలో రాస్తే అది ఏ శాఖకు పంపాలో వాళ్లకే తెలియక పక్కన పడుతుంది.

ఇంత తిరుగుడులో నిద్ర పట్టకపోవడం, దిగులు కలగడం మామూలే. దిగులు ముదిరితే నొప్పీ ముదురుతుంది. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఏ వేళనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య నంబరు 14416కి ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అడగరు. నొప్పి ఉన్న రోజున కార్యాలయాలకు మీరు వెళ్లకండి. ఇంట్లో ఒకరిని ఎంచుకుని ఫైలు వారి చేతికివ్వండి. మా ఇంట్లో ఆ పని నాది. వచ్చే సోమవారం కూడా ఒకరి అర్జీ పట్టుకుని కలెక్టరేట్‌కు వెళ్తున్నాను.